ద్రినా లోయ దారిలో: సరాయెవో నుంచి తూజ్లా దాకా

1992 మే 12న బోస్నియా సెర్బుల అసెంబ్లీ బన్యా లూకాలో సమావేశమై ఆరు వ్యూహాత్మక లక్ష్యాలను ఆమోదించింది. మొదటిది, మిగతా రెండు జాతుల (బోస్నియాక్ ముస్లింలు, క్రొయాట్లు) నుంచి సెర్బులను వేరు చెయ్యడం. మూడోది ద్రినా నది గురించి: ఆ నది సెర్బుల రెండు రాజ్యాల మధ్య సరిహద్దుగా ఉండకూడదు. నదికి పడమటి ఒడ్డున చాలా ఊళ్లలో అప్పటికి బోస్నియాక్ ముస్లింలే ఎక్కువ. 1991 జనాభా లెక్కల్లో విషెగ్రాద్‌లో నూటికి 63 మంది, స్రెబ్రెనిత్సాలో (మన పత్రికలు స్రెబ్రెనికా అని రాస్తాయి) 75 మంది వాళ్లే. లక్ష్యంలో మాత్రం వాళ్ల ఊసే లేదు, నది ఒక్కటే ఉంది. ఆ రోజే సైన్యాధిపతి అయిన రాత్కో మ్లాదిచ్ సభలో లేచి, మనుషులు గులకరాళ్లో జేబులో తాళంచెవులో కారనీ, ఒకచోట సెర్బులను మాత్రమే ఉంచి మిగతావాళ్లను నొప్పి తెలియకుండా తీసెయ్యడం కుదరదనీ, అది జాతిహననం అవుతుందనీ అన్నాడు. సభ రికార్డుల్లో ఉంది. మూడేళ్ల తర్వాత, 1995 జులైలో, స్రెబ్రెనిత్సా బోస్నియాక్ మగవాళ్లను వేలల్లో చంపించి ఆ పని దగ్గరుండి చేయించినవాడు కూడా ఆయనే.

ఆ మూడో లక్ష్యం కాగితం మీంచి నేల మీదికి ఎలా దిగిందో ఈ ప్రయాణంలో చూడొచ్చు. ఆరు రోజులు పెట్టుకుంటే హడావిడి ఉండదు.

ముందు కొన్ని ఏర్పాట్లు. భారత పాస్‌పోర్టుకి బోస్నియా వీసా కావాలి. షెంజెన్ వీసా ఉన్నవాళ్లకు సడలింపులున్నాయి గానీ షరతులు మారుతుంటాయి, టికెట్టు కొనేముందే ఢిల్లీలోని ఎంబసీని అడగాలి. మ్యాపులో విషెగ్రాద్ నుంచి స్రెబ్రెనిత్సాకి సెర్బియా వైపు నుంచి దగ్గర దారి కనిపిస్తుంది. దాన్ని నమ్ముకోవద్దు. 2023 జనవరి నుంచి సెర్బియాకి మనకు మామూలుగా వీసా కావాలి, లేకపోతే చెక్‌పోస్టులో వెనక్కి పంపేస్తారు. డబ్బు కన్వర్టిబుల్ మార్కుల్లో, ఒక యూరోకి 1.95583 మార్కులు. పల్లెల్లో కార్డు పనిచెయ్యదు, నోట్లు ఉండాలి. బస్సుల మీద ఆధారపడితే సగం చోట్లకు చేరలేరు, సరాయెవోలో కారు అద్దెకు తీసుకోవడమే మేలు. తారు రోడ్డూ సిమెంటు బాటా దాటి గడ్డిలోకి అడుగు పెట్టకూడదు. పుర్రె బొమ్మ ఉన్న ఎర్ర బోర్డు కనిపిస్తే మందుపాతరలున్న చోటని అర్థం. బోర్డు లేనంత మాత్రాన మందుపాతర లేదని కాదు.

మొదటి రోజు: సరాయెవో

పార్లమెంటు భవనం దగ్గర మొదలుపెట్టాలి. 1991 అక్టోబరులో ఇక్కడ బోస్నియా సెర్బుల నాయకుడు రాదొవాన్ కరాజిచ్, యుగోస్లావియా నుంచి విడిపోయి స్వాతంత్ర్యం వైపు వెళ్తే దేశం నరకంలోకి పోతుందనీ, ముస్లిం జాతి అంతరించిపోవచ్చుననీ బహిరంగంగా హెచ్చరించాడు. ఆ తర్వాత డిసెంబరు 19న ఆయన పార్టీ మున్సిపాలిటీలకు రహస్య ఆదేశాలు పంపింది. అందులో రెండు రకాలు: సెర్బులు ఎక్కువగా ఉన్న చోటికి 'ఎ', తక్కువగా ఉన్న చోటికి 'బి'. ప్రతి ఊళ్లో సంక్షోభ కమిటీ వెయ్యాలి, నిల్వలు చూసుకోవాలి, పోలీసు వ్యవస్థ ఎవరి చేతుల్లో ఉండాలో తేల్చుకోవాలి. ఎక్కడా ఆవేశం కనిపించదు, తహసీల్దారు ఆఫీసు సర్క్యులర్ లాగే ఉంటుంది. ఈ పత్రం చదివాక, బోస్నియా యుద్ధం ఇరుగుపొరుగుల మధ్య పాతపగలు ఒక్కసారిగా భగ్గుమనడమే అన్న మాట నిలవదు.

పాతపగలు లేవని కాదు. రెండో ప్రపంచయుద్ధంలో క్రొయేషియాలోని ఉస్తాషా అనే ఫాసిస్టు ప్రభుత్వం లక్షల మంది సెర్బులను చంపింది. యాసెనొవాత్స్ శిబిరం అబద్ధం కాదు, కొండ గుంతల్లోకి తోసేసిన కుటుంబాలూ అబద్ధం కాదు. యుగోస్లావియా ప్రభుత్వం ఆ గుంతల మీద సిమెంటు పోసి, ఎవరు ఎవరిని చంపారో మాట్లాడొద్దంది. ఆ మౌనం జాతీయవాదులకు పనికొచ్చింది. 1988-89లో, 1389 నాటి కొసొవో యుద్ధంలో చనిపోయిన లాజర్ రాజు అస్థికలను సెర్బులున్న ప్రాంతాలన్నిటా ఊరేగించారు. 1989 జూన్ 28న ఆ యుద్ధానికి 600 ఏళ్లయిన సందర్భంగా సెర్బియా నాయకుడు స్లొబొదాన్ మిలోషెవిచ్ గాజిమెస్తాన్‌లో లక్షల మంది ముందు ప్రసంగించాడు. 1990-91లో 1941 నాటి గుంతలు తవ్వి, ఎముకలు బయటికి తీసి, టీవీ కెమెరాల ముందు మళ్లీ పూడ్చారు. ఆ దుఃఖం నిజమైనది. దాన్ని ఎవరి మీదికి మళ్లించారన్నదే ఇక్కడ చూడాల్సింది: 1941లో పుట్టనైనా పుట్టని పక్కింటివాళ్ల మీదికి.

ఈ మూడు జాతుల భాష ఒకటే. సెర్బియన్‌కీ బోస్నియన్‌కీ ఉన్నంత తేడా గుంటూరు తెలుగుకీ కరీంనగర్ తెలుగుకీ కూడా ఉంటుంది. ముఖం చూసీ చెప్పలేరు. పేరు అడిగితేనే తెలుస్తుంది. అందుకే ఇక్కడి కథంతా జాబితాలతో, గుర్తింపు కార్డులతో నడిచింది. వాయవ్యంలోని ప్రియెదోర్‌లో 1992 మే 31న సెర్బులు కానివాళ్లు ఇళ్లకు తెల్ల దుప్పటి కట్టాలనీ, బయటికొస్తే చేతికి తెల్ల పట్టీ చుట్టుకోవాలనీ స్థానిక రేడియోలో ప్రకటించారు. మనిషిని చూస్తే తెలియని తేడాని గుడ్డతో తెలిసేలా చేశారు.

సాయంత్రం పాతబస్తీలోని '11/07/95' గ్యాలరీకి వెళ్లాలి, స్రెబ్రెనిత్సా పడిపోయిన తేదీయే దాని పేరు. రేపటి నుంచి వెళ్లే చోట్ల చాలావాటిలో బోర్డులుండవు, ఇక్కడి మ్యాపులు మనసులో పెట్టుకుంటే పనికొస్తాయి.

రెండో రోజు: విషెగ్రాద్

సరాయెవో నుంచి సుమారు 115 కిలోమీటర్లు, కొండదారిలో రెండు గంటల పైనే. ఊరు దాటగానే రెపుబ్లికా సర్ప్‌స్కా మొదలవుతుంది; దేశంలోని రెండు భాగాల్లో సెర్బులది ఇది, రెండోది ఫెడరేషన్. చెక్‌పోస్టు ఉండదు, బోర్డులే చెబుతాయి. ఫెడరేషన్ వైపు లాటిన్ లిపి పైన, ఇటువైపు సిరిలిక్ పైన. అవతలివాళ్ల లిపి మీద నల్ల రంగు కొట్టిన బోర్డులు రెండు వైపులా కనిపిస్తాయి. సిరిలిక్ అక్షరాలు ముందే నేర్చుకోవాలి. మోసం చేసేవి మనకు లాటిన్‌లో తెలిసినట్టున్నవే: В అంటే 'వ', С అంటే 'స', Р అంటే 'ర'. బస్సులో వెళ్లేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఇటు వచ్చే బస్సుల్లో చాలా వరకు సరాయెవో మెయిన్ స్టేషన్ నుంచి కాదు, అవతల తూర్పు సరాయెవోలోని లుకావిత్సా స్టేషన్ నుంచి బయల్దేరతాయి. ఒకే నగరానికి రెండు బస్‌స్టాండ్లు.

విషెగ్రాద్‌కి అందరూ వచ్చేది 16వ శతాబ్దపు వంతెన కోసం. 11 కమానులు, 179.5 మీటర్లు, ఒట్టొమన్ వాస్తుశిల్పి సినాన్ రూపొందించింది. 2007లో యునెస్కో జాబితాలో చేరింది. 1992 వేసవిలో ఊరి ముస్లింలను ఈ వంతెన మీదికి తెచ్చి, చంపి నదిలోకి తోసేసేవారు. వంతెన మీది బోర్డులో ఆ సంగతి లేదు. దిగువన పెరుచాత్స్ జలాశయం ఉంది. 2010లో డ్యాం మరమ్మతుకని నీటిమట్టం తగ్గించినప్పుడు, ఒండ్రులో వెతికితే 150 మందికి పైగా మనుషుల అవశేషాలు దొరికాయి. డ్యాం నిండితే ఆ పని సాగదు, ఒడ్డున బురద అంగుళం అంగుళం జల్లించడానికి వెతికినవాళ్లకు దొరికింది కొన్ని వారాలే.

పియోనిర్‌స్కా వీధిలోని ఇంట్లో 1992 జూన్ 14న, బికావాత్స్‌లోని ఇంట్లో జూన్ 27న, ఆడవాళ్లనూ పిల్లలనూ గదుల్లో పెట్టి నిప్పుపెట్టారు. ఆ పని చేసిన సెర్బు దళం నాయకుడు మిలాన్ లూకిచ్‌కి హేగ్ కోర్టు (యుగోస్లావియా యుద్ధనేరాల ట్రిబ్యునల్) యావజ్జీవం వేసింది. నేరం పేరు మానవత్వంపై నేరాలు, సామూహిక సంహారం. జాతిహననం అన్న అభియోగం ఆ కేసులో లేదు.

ఊరి స్త్రాజిష్తె స్మశానంలో తెల్లటి స్మారక రాయి ఉంది. దాని మీద 'విషెగ్రాద్ జాతిహననం' బాధితులని చెక్కించారు. 2014 జనవరిలో మున్సిపాలిటీ మనుషులు పోలీసుల కాపలాతో వచ్చి జాతిహననం అన్న ఒక్క మాటనీ మరతో చెరిపేశారు. తర్వాత ఆ మాటని లిప్‌స్టిక్‌తో మళ్లీ రాశారు ఇక్కడి ఆడవాళ్లు. దగ్గరికెళ్లి చూస్తే ఆ వరసలో రాయి పల్లంగా ఉంటుంది. స్మశానం గేటు పగలు తెరిచే ఉంటుంది, దారి అడిగేటప్పుడు ఆ మాట వాడకుండా 'ముస్లిం స్మశానం' అంటే చాలు.

మూడో రోజు: పొతోచారి

రొగాతిత్సా, సొకొలాత్స్, హాన్ పియెసాక్, వ్లాసెనిత్సా, మిలిచి మీదుగా మూడు గంటల పైనే పడుతుంది. చలికాలమైతే రొమానియా కొండల మీద (ఆ పేరున్న దేశం కాదు, ఇక్కడి పర్వతం) మంచు, ఇంకో గంట కలుపుకోండి. దారిలో నోవా కసాబా, క్రావిత్సా వస్తాయి. ఆగకుండా ముందుకు పోవాలి. జరిగిన క్రమంలో చూడాలంటే ఇవి రేపటివి.

1993 ఏప్రిల్ 16న భద్రతామండలి 819వ తీర్మానంతో స్రెబ్రెనిత్సాని సురక్షిత ప్రాంతంగా ప్రకటించింది. 1995 మార్చి 8న కరాజిచ్ సంతకం చేసిన 7వ నంబరు ఆదేశం, అక్కడి జనానికి బతుకు మీద ఏ ఆశా మిగలని భరించలేని పరిస్థితి కల్పించాలని సైన్యానికి చెప్పింది. జులై 6న దాడి మొదలైంది, 11న పట్నం పడిపోయింది. ఆ మధ్యాహ్నం మ్లాదిచ్ ఖాళీ వీధిలో కెమెరా ముందు నిలబడి, ఈ ఊరిని సెర్బు జాతికి కానుకగా ఇస్తున్నాననీ, ఈ నేలమీద తుర్కుల మీద పగ తీర్చుకునే సమయం వచ్చిందనీ అన్నాడు. 19వ శతాబ్దపు మొదట్లో ఒట్టొమన్ అధికారులపై జరిగిన తిరుగుబాటును గుర్తుచేస్తూ అన్న మాట అది. ఆ రోజు పట్నం పక్కనున్న పొతోచారి ఊళ్లో ఎండలో నీళ్లు లేక నిలబడ్డ జనంలో తుర్కు ఒక్కడూ లేడు.

డచ్చి శాంతిసేన స్థావరం పాత బ్యాటరీ ఫ్యాక్టరీలో ఉండేది. ఇప్పుడు అదే మ్యూజియం. అప్పట్లో సైనికులు గోడల మీద రాసిన పిచ్చిరాతలు అలాగే ఉంచారు. ఇరవై వేల మందికి పైగా జనం ఇక్కడికి పరుగెత్తుకొస్తే, లోపలికి రానిచ్చింది సుమారు 5,000 మందిని. రోడ్డు అవతల ఉన్న ఇంటిని అందరూ 'తెల్ల ఇల్లు' అనేవారు. యుద్ధనేరస్థులున్నారేమో తనిఖీ చేస్తామని చెప్పి మగవాళ్లను అక్కడికి తీసుకెళ్లారు. వాళ్ల గుర్తింపు కార్డులూ సంచులూ బయట కుప్పపోయించి, తర్వాత తగలబెట్టారు. తనిఖీ చెయ్యాలంటే కార్డు కావాలి కదా. కోర్టు కూడా అదే పట్టుకుంది: ఆ మగవాళ్లను చంపాలని అప్పటికే నిర్ణయం అయిపోయిందనడానికి అదొక ఆధారం.

ఇటు రోడ్డు పక్కనే స్మశానం. ప్రవేశంలో ఉన్న రాయి మీద 8372 అని, పక్కన మూడు చుక్కలు. లెక్క ఇంకా ముగియలేదని ఆ చుక్కలకు అర్థం. ఇప్పటికి 6,700 మందికి పైగా ఇక్కడ ఖననమయ్యారు. తెల్ల రాళ్ల మీద పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు, పుట్టిన ఏడాది, 1995. అర్ధచంద్రాకారపు గోడ మీద పేర్లు ఇంటిపేరు వరసలో ఉన్నాయి. ఒకే ఇంటిపేరు చూపుడువేలుతో కిందికి జరుపుతూ పోతే ఎంతకీ మారదు.

జులై 11న కొత్తగా గుర్తించినవాళ్లను ఇక్కడ ఖననం చేస్తారు. ఆ వారం గదులు దొరకవు, రోడ్లు మూసేస్తారు. నెజుక్ నుంచి పొతోచారి దాకా మూడు రోజుల శాంతియాత్ర జులై 8న మొదలవుతుంది, దాదాపు 100 కిలోమీటర్లు. 1995లో తప్పించుకోబోయిన మగవాళ్లు నడిచిన దారినే వెనక్కి నడుస్తారు. పల్లం, బురద, జులై ఎండ. కొత్త బూట్లతో వచ్చినవాళ్లు రెండో రోజే మానేస్తారు.

నాలుగో రోజు: బ్రాతునాత్స్, క్రావిత్సా, కొన్యెవిచ్ పోల్యె

బ్రాతునాత్స్‌లోని ఫొంతానా హోటల్లో జులై 11 రాత్రీ 12 ఉదయమూ మ్లాదిచ్ సమావేశాలు పెట్టాడు. పట్నం పౌరుల ప్రతినిధులుగా దొరికినవాళ్లను కూర్చోబెట్టి, బతకొచ్చు లేదా మాయమైపోవచ్చు, మీ ఇష్టం అన్నాడు. ఊళ్లోని వూక్ కరాజిచ్ బడిలో బందీలను కుక్కారు. ఆ పేరు 19వ శతాబ్దంలో సెర్బు భాషను సంస్కరించిన పండితుడిది.

అక్కడి నుంచి పడమటికి క్రావిత్సా. ముందు పెద్ద శిలువ కనిపిస్తుంది, అది చనిపోయిన సెర్బులకు. 1993 జనవరి 7న, ఆర్థడాక్సు క్రిస్మస్ రోజున, స్రెబ్రెనిత్సా నుంచి వచ్చిన బోస్నియాక్ దళాలు ఈ ఊరి మీద దాడి చేస్తే నలభై మందికి పైగా పోయారు, అందులో సైనికులూ ఉన్నారు పౌరులూ ఉన్నారు. ఇక్కడ ఆగాలి. స్రెబ్రెనిత్సా గురించి ఎత్తితే సెర్బులు మొదట చెప్పేది క్రావిత్సా మాటే, అది చూడకుండా వెళ్లినవాళ్లతో మాట్లాడరు, మాట్లాడకపోవడమూ న్యాయమే. ఆ దాడి జరిగింది. అది 1995 జులైకి కారణం కాదు. పగ తీర్చుకునేవాడు దాడి చేసినవాళ్లను వెతుకుతాడు. ఇక్కడ పదిహేనేళ్ల పిల్లల దగ్గర్నుంచి డెబ్బై దాటిన ముసలివాళ్ల దాకా మగ పుట్టుక పుట్టినవాళ్లందరినీ పట్టారు.

శిలువ దాటాక రోడ్డు పక్కన సహకార సంఘం గోదాము. జులై 13 సాయంత్రం వెయ్యి మంది దాకా మనుషులను ఇందులో పెట్టి తుపాకులతో, గ్రెనేడ్లతో చంపారు. మర్నాడు లోడరు గుమ్మంలో పట్టక గోడ, తలుపు చట్రం బద్దలుకొట్టారు. శవాలతో పాటు ఆ గోడ పెళ్లలు కూడా గుంతలోకి పోయాయి. గ్లొగొవా దగ్గర తవ్వినప్పుడు దొరికిన పెళ్లలు ఈ గోడవేనని తేలింది, గుంతకీ గోదాముకీ అలా ముడిపడింది. ఇప్పుడు ఫలకం ఏమీ లేదు. ఆవరణలోకి వెళ్లొద్దు, రోడ్డు మీద నుంచే చూడాలి. బండి దిగి ఎక్కువసేపు నిలబడితే పోలీసులు వచ్చి అడుగుతారు.

కొంచెం ముందు సాందిచి మైదానం. కొండల్లోకి పారిపోయినవాళ్లను కిందికి రప్పించడానికి, శాంతిసేన దగ్గర లాక్కున్న నీలి హెల్మెట్లు పెట్టుకుని మైకులో పిలిచారు. ఒక తండ్రిని కొండవైపు తిప్పి కొడుకును పిలవమన్న వీడియో మిగిలింది. సరాయెవో పార్కులో చేతులు నోటికి అడ్డం పెట్టి అరుస్తున్న విగ్రహం ఆయనదే. తండ్రీకొడుకులిద్దరూ తర్వాత గుంతల్లో దొరికారు.

కొన్యెవిచ్ పోల్యె కూడలిలో ఒక బోస్నియాక్ ముసలావిడ ఇంటి ముంగిట్లో, ఆవిడ ఊళ్లో లేనప్పుడు సెర్బుల చర్చి కట్టేశారు. తిరిగొచ్చి ఇరవై ఏళ్లు కోర్టుల చుట్టూ తిరిగింది. యూరోపియన్ మానవ హక్కుల కోర్టు 2019లో ఆవిడ వైపు తీర్పు చెప్పింది, 2021 జూన్‌లో చర్చిని తొలగించారు. ఇప్పుడు అక్కడ ఖాళీ జాగా. మూడో లక్ష్యం అమలు కావడమంటే మనుషుల్ని తీసెయ్యడంతో ఆగదు, వాళ్ల ముంగిట్లో తమది నిలబెట్టడం కూడా.

ఐదో రోజు: జ్వోర్నిక్ నుంచి పిలిత్సా

ఈ రోజు చూసేవన్నీ మామూలు చోట్లు: బళ్లు, డ్యాం, కంకర గుంత, పంది ఫారం. బందీలను ఒక రోజు బడిలో పెట్టడం, మర్నాడు దగ్గర్లోని మైదానానికి తీసుకెళ్లి కాల్చడం, పక్కనే లోడరుతో పూడ్చడం. ఒరాహొవాత్స్‌లో జులై 14న, పెత్కోవ్త్సి డ్యాం దగ్గర 14 రాత్రి నుంచి 15 ఉదయం దాకా, ద్రినా ఒడ్డున కొజ్లుక్‌లో 15న, బ్రాన్యెవో ఫారంలో 16న. బ్రాన్యెవోలో కాల్చిన దళంలో ఒకడైన ద్రాజెన్ ఎర్దెమొవిచ్ హేగ్‌లో ఒప్పుకున్నాడు: ఉదయం పది గంటల నుంచి మధ్యాహ్నం మూడు దాకా బస్సులు వస్తూనే ఉన్నాయి.

ఇంత పనికి ఆవేశం చాలదు, డీజిలు కావాలి. జులై 16న పట్టుకున్న ఒక వైర్‌లెస్ సంభాషణలో సెర్బు సైన్యం భద్రతాధికారి లెఫ్టినెంట్ కల్నల్ పొపొవిచ్‌కి 500 లీటర్ల డీజిలు పంపాలనీ, లేకపోతే ఆయన చేస్తున్న పని ఆగిపోతుందనీ అడుగుతున్నారు. బట్వాడా రసీదూ దొరికింది. లోడరు ఎన్ని గంటలు నడిచిందో బ్రిగేడు బండ్ల లాగ్‌బుక్కులో రాసి ఉంది. మ్లాదిచ్ కోసమే కాదు, ఆడిటర్ కోసమూ రాసుకున్నారు. 2010లో పొపొవిచ్‌కి జాతిహననానికి యావజ్జీవం పడింది.

సెప్టెంబరులో సమస్య వచ్చింది. అమెరికా తీసిన వైమానిక ఛాయాచిత్రాల్లో తవ్విన నేల కనిపిస్తోందని ఆగస్టులోనే బయటపడింది. సెప్టెంబరు 14న సైన్యం ప్రధాన కార్యాలయం ఐదు టన్నుల డీజిలు మంజూరు చేసింది. గుంతలు మళ్లీ తవ్వి, శవాలు లారీల్లో కొండలవైపు చాన్చారి రోడ్డుకీ, హొజిచి రోడ్డుకీ, జెలెని యాదార్‌కీ తరలించారు. దాచింది దొరికిపోవడానికి కారణం తొందర. కొజ్లుక్ గుంతలో ఒక సీసాల ఫ్యాక్టరీ పారబోసిన ఆకుపచ్చ గాజు పెంకులుండేవి. లోడరు బకెట్టుతో ఎత్తినప్పుడు అవీ వచ్చాయి. ఎక్కడో చాన్చారిలో అవే పెంకులు కనిపించేసరికి శవాలు ఎక్కడివో తెలిసిపోయింది.

పిలిత్సాలో సాంస్కృతిక భవనం ఒక్కటి చూడదగ్గ స్థితిలో ఉంది. సుమారు 500 మందిని ఇక్కడ చంపారు. లోపల వేదిక, గోడల మీద తూటాల గుంతలు.

ఆరో రోజు: తూజ్లా

ఇక్కడి అవశేషాల గుర్తింపు కేంద్రానికి ముందుగా రాసి అనుమతి తీసుకోవాలి, నేరుగా వెళ్తే లోపలికి రానివ్వరు. బకెట్టుతో ఎత్తిపోసినందువల్ల ఒకే మనిషి ఎముకలు నాలుగైదు గుంతల్లో దొరికాయి. 2001 నవంబరులో మొదటి డీఎన్ఏ పోలిక కుదిరింది. పద్ధతి ఇది: ఎముకను కడిగి ఆరబెట్టి, వయసూ లింగమూ ఎత్తూ అంచనా వేస్తారు. తొడ ఎముక లేదా పంటి నుంచి ముక్క తీస్తారు. బంధువుల వేలి నుంచి కార్డు మీద తీసుకున్న రక్తపు బొట్లతో పోలుస్తారు. 99.95 శాతం దాటితేనే పోలిక అంటారు. చిక్కు ఎక్కడంటే, తల్లిదండ్రుల రక్తం మాత్రమే ఉండి, పెళ్లికాని ఇద్దరు అన్నదమ్ములు పోతే, ఏ ఎముక ఎవరిదో డీఎన్ఏ చెప్పలేదు. వయసు, ఎత్తు, పంటి వైద్యం చూసుకోవాలి. పెళ్లయిన అన్నకైతే భార్యాపిల్లల రక్తం దారి చూపిస్తుంది.

హేగ్ ట్రిబ్యునల్ 2001లో మ్లాదిచ్ కింద పనిచేసిన జనరల్ క్రిస్తిచ్ కేసులో మొదటిసారి స్రెబ్రెనిత్సాను జాతిహననంగా తేల్చింది. అప్పీలు తీర్పు 2004లో వచ్చింది. ఆడవాళ్లను బస్సుల్లో పంపేశారు కదా, అదెలా జాతిహననం అన్న వాదనకి జవాబు అందులోనే ఉంది: మగవాళ్లనందరినీ తీసేస్తే ఆ ఊళ్లో ఆ సమాజం మళ్లీ పుట్టదని చంపినవాళ్లకు తెలుసు. కరాజిచ్‌కీ మ్లాదిచ్‌కీ స్రెబ్రెనిత్సా విషయంలో ఆ నేరం రుజువైంది, 1992లో మిగతా మున్సిపాలిటీల్లో జరిగినదానికి మాత్రం కాలేదు. అంతర్జాతీయ న్యాయస్థానం 2007లో, సెర్బియా స్వయంగా చెయ్యలేదు గానీ ఆపాల్సిన బాధ్యతను తప్పిందని చెప్పింది.

డీఎన్ఏ రాకముందు, తొంభైల్లో, బట్టలూ జేబులో వస్తువులూ చూసి గుర్తించేవారు. చొక్కాలు ఒకరివి ఒకరు తొడుక్కున్న రోజులవి. అందుకని కొన్ని సమాధుల్లో వేరే మనిషి ఉన్నాడు, ఆ సమాధి మీద పేరున్న మనిషి ఏదో శవాగారంలో 'పేరు తెలియదు' అన్న చీటీ కింద ఉన్నాడు. సరిచెయ్యాలంటే పాత సమాధి తవ్వడానికి కుటుంబం ఒప్పుకోవాలి, రక్తం ఇవ్వాలి. చాలామంది ఒప్పుకోరు. ఎముకల్లో సగమే దొరికిన కుటుంబాలకు ఇంకో నిర్ణయం ఉంటుంది: ఉన్నదాన్ని ఈ జులైలో ఖననం చెయ్యడమా, మిగతాది దొరికేదాకా ఆగడమా. ఖననం చేశాక కొత్త ముక్క దొరికితే కేంద్రం మళ్లీ ఫోను చేస్తుంది. ఆ ఫోను వద్దని ముందే రాసిచ్చేవాళ్లున్నారు.